కోచ్‌పై ఫిర్యాదు వచ్చింది: ముందు మన విచారణా, పోలీసులా?

కోచ్‌పై ఫిర్యాదు వస్తే ముందు ఏం చేయాలని అడిగారు. చిక్కంతా మీ క్లబ్ సెక్రటరీ గారి "ముందు మనలో మనం తేల్చుకుందాం" అన్న మాటలోనే ఉంది. 16 ఏళ్ల కబడ్డీ అమ్మాయిని కోచ్ అసభ్యంగా తాకాడని తల్లి రాసిచ్చిందంటున్నారు, అంటే ఇది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు, నిజమో కాదో తేల్చడం క్లబ్ పని కాదు.

1. ఈరోజే పోలీసులకు చెప్పండి. అందరూ వదిలేసేది ఇదే. పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం సంగతి తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, కమిటీ మీటింగ్ కాలేదనో, ఇంట్లోవాళ్లు పరువుకు భయపడి వద్దన్నారనో ఆగడానికి లేదు. తన కిందివాడి నేరాన్ని చెప్పకుండా దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు. టెన్షన్‌గా ఉంటే ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

2. కోచ్‌ను పక్కన పెట్టండి, అమ్మాయిని ప్రాక్టీస్ మానమనకండి. (మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు.)

3. పదిమంది ముందు ఆమెతో మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. పేరు వాట్సాప్ గ్రూపుల్లోకి పోనివ్వొద్దు. ఫిర్యాదు కాగితం, క్యాంపు హాజరు పట్టీ భద్రంగా ఉంచండి.

4. 2013 పోష్ చట్టంలో (పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం) స్టేడియం కూడా పనిచేసే చోటే. సిబ్బంది పదిమంది లేకపోతే ఈ చట్టం కింద ఇచ్చే ఫిర్యాదు జిల్లా లోకల్ కమిటీకి వెళ్తుంది.