గళ్ళూ పూలూ చారలూ ఒకే గదిలో వేస్తే ఎబ్బెట్టుగా ఉండదా?

కొత్త ఫ్లాట్‌లోకి మారామని, అమ్మ ఇచ్చిన పెడన కలంకారీ దుప్పట్లు, అత్తగారిచ్చిన పోచంపల్లి దుప్పటి, మీరు కొనుక్కున్న చారల కర్టెన్ గుడ్డ ఉన్నాయని రాశారు. ఇంటీరియర్ చేసే అతను అవన్నీ లోపల పెట్టేసి హాలంతా లేత బూడిద రంగులో చేయించుకోమన్నాడట. ఏం చేయమంటారని అడిగారు.

అన్నీ బయటికి తీయండి. అతని మాట వినకండి.

మాది బందరు పక్క ఊరు, మా అత్తమ్మది పుట్టపాక దగ్గర. ఒకవైపు గుడ్డ మీద అచ్చులతో అద్దే పెడన కలంకారీ, ఒకవైపు దారానికే ముందు రంగు వేసి నేసే పోచంపల్లి లాంటి ఇకత్. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ రెండు రకాల గుడ్డల మధ్యే బతుకుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతాను: డిజైన్లు వేరువేరైనంత మాత్రాన ఒకదానితో ఒకటి కొట్టుకోవు. ఒకే సైజు బొమ్మలు పక్కపక్కన పడితే కొట్టుకుంటాయి. నూలు పక్కన తళతళలాడే పాలిస్టర్ పెడితే కొట్టుకుంటుంది. అసలు మనవాళ్ళకి ఇది కొత్తా? పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతలో పూల చీర ముక్క, గళ్ళ లుంగీ ముక్క, అంచు ముక్క అన్నీ ఉండేవి. ఎడం ఎడంగా వేసిన ఆ దారపు కుట్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేలా సాగేది. ఆ బొంత చూసి కళ్ళు నొప్పెడుతున్నాయన్న మనిషిని నేను చూడలేదు.

ఒక దసరాకి అత్తమ్మ మా ఇంటికి వచ్చింది. వస్తూ వస్తూ సంచిలో ఒక పోచంపల్లి దుప్పటి, ఇంట్లో దాచుకున్న తేలియా రుమాల్ అనే చదరపు ఇకత్ గుడ్డ ఒకటి తెచ్చింది. మా హాల్లో దివాన్ మీద పెడన దుప్పటి ఉండేది, మధ్యలో పెద్ద చెట్టు బొమ్మ. మా ఆయన చూడగానే, "ఈ రెండూ ఒకచోట మ్యాచ్ కావమ్మా, అది బెడ్‌రూంలో వేద్దాం" అన్నాడు. అత్తమ్మ ఏమీ అనలేదు. భోజనాలయ్యాక హాల్లో కిందే కూర్చుని, "ఇంట్లున్న గుడ్డలన్నీ ఇటు తే బిడ్డా" అంది. దిండు గలీబులు, టేబుల్ గుడ్డలు, కర్టెన్లకని తెచ్చి కుట్టించని గుడ్డ, అన్నీ తెచ్చి ముందు పోశాను.

ఆవిడ బొమ్మల వైపు చూడనే లేదు. ఒక్కో గుడ్డ కొస పట్టుకుని, ఇంకో గుడ్డ కొస మీద పెట్టి, కిటికీ వైపు తిప్పి చూసింది. పెడన దుప్పటిలో గీతలన్నీ నలుపు, పువ్వులు ఇటుక ఎరుపు. రుమాల్‌లోనూ ఎరుపు, నలుపు, తెలుపే. "రంగు గలిసిందా లేదా జూడు. పువ్వు సంగతి తర్వాత" అంది. చెట్టు బొమ్మ దుప్పటి దివాన్ మీదే ఉంచి, దాని మీద చిన్న గళ్ళ ఇకత్ దిండ్లు పెట్టించింది. నేను ముచ్చటపడి కొన్న కలంకారీ దిండు పక్కన పెట్టబోతే ఆపేసింది. "రెండిట్ల పువ్వు ఒక్క తీరే ఉన్నది. ఏదో ఒక్కటి ఉంచు." నిజమే, దుప్పటి పువ్వూ దిండు పువ్వూ అరచేయంత అరచేయంత ఉన్నాయి. బంగారు రంగు మెరుపు ప్రింటున్న దిండు ఒకటి ఎవరో గృహప్రవేశానికి ఇచ్చారు, దాన్నయితే ముట్టుకోకుండానే, "అది తియ్యి, కండ్లల్ల పొడుస్తుంది" అంది. మా ఆయన సాయంత్రం లేచి వచ్చి, హాలు పెద్దదైనట్టుంది ఏంటి అన్నాడు.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఆసు పోసేది. పట్టు దారాన్ని మేకుల చుట్టూ ఇటూ అటూ వేల సార్లు తిప్పే పని అది. ఇప్పటికీ ఆ కుడి భుజం పూర్తిగా పైకి లేవదు. ఆ పనికి యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకంటే ముందే ఆ భుజాలకి ఇవ్వాల్సిందని నా అభిప్రాయం. అన్నేళ్ళు దారం రంగు చూసిన కన్ను అది. ఏడాది కోర్సు చేసి లేత బూడిద రంగు తప్ప ఇంకోటి చెప్పలేనివాళ్ళ మాట నేనెందుకు వింటాను?

పెడన దుప్పటి ఒకటి విప్పి దగ్గరగా చూడండి. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ తీగ అంచు, ఆ అంచు పక్కన వేలెడు వెడల్పున చిన్న ఆకుల వరస, మళ్ళీ గీతల అంచు. ఒక్క గుడ్డ మీదే నాలుగు డిజైన్లు, ఒక్కోదానికి ఒక్కో టేకు అచ్చు. వాటన్నిటినీ కలిపేది నలుపు గీత. పాత పద్ధతిలో తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఆ నీళ్ళని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దితే వచ్చే నలుపు అది. ఇకత్‌లో ఇంకో సుగుణం ఉంది. దారానికి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు కాబట్టి గడి అంచు కత్తిరించినట్టుండదు, రంగు కాస్త పక్కకి పాకినట్టు ఉంటుంది. ఆ మసక అంచు వల్లే ఇకత్ ఎలాంటి పూల గుడ్డ పక్కనైనా ఒదిగిపోతుంది.

ఇదంతా తెలియని జనం బజార్లో ఇకత్ ప్రింటు, కలంకారీ ప్రింటు అని అమ్ముతుంటే కొనేస్తున్నారు. నాకు ఒళ్ళు మండే విషయం ఇదే. పోచంపల్లి ఇకత్‌కి 2005లో, తేలియా రుమాల్‌కి 2020లో, ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినా నకిలీ ఆగలేదు. గుడ్డ తిరగేసి చూడండి చాలు. ఇకత్ అయితే రెండు వైపులా ఒకే రంగు. ప్రింటు అయితే వెనక తెల్లగా వెలిసి ఉంటుంది. చేత్తో అద్దిన గుడ్డలో అచ్చుకీ అచ్చుకీ మధ్య ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా దొరుకుతుంది. ఆ తేడా ఉన్న గుడ్డలే కలిపి వేస్తే అందం. మెషీన్ ప్రింట్లు నాలుగు కలిపితే గది బట్టల దుకాణంలా తయారవుతుంది, అప్పుడు మీ ఇంటీరియర్ అతను అన్నదే నిజమనిపిస్తుంది.

ఇంకో గోల ఈ ఫ్లాట్లలో లైట్లు. బిల్డర్లు పెట్టే తెల్లటి ఎల్ఈడీల కింద కలంకారీ ఎరుపు మట్టి కొట్టుకుపోయినట్టు కనిపిస్తుంది. రంగులు కలవలేదని గుడ్డల్ని తిడతారు గానీ బల్బు సంగతి ఎవరూ చూడరు. డబ్బా మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉన్న పసుపు కాంతి బల్బులు పెట్టి చూడండి, అదే ఎరుపు లేచి కూర్చుంటుంది.

ఇక మీ హాలు. చారల గుడ్డ కర్టెన్లకే వాడండి. కర్టెన్‌కి రాడ్ వెడల్పుకి రెట్టింపు గుడ్డ పడుతుంది, కుచ్చిళ్ళలో పెద్ద బొమ్మ వేస్తే సగం మడతల్లో మాయమవుతుంది. చారలు, చిన్న బుటాలు అయితే మడతల్లో కూడా తెలుస్తాయి. పెద్ద బొమ్మ ఉన్న కలంకారీని పరిచినట్టు ఉండేచోట, అంటే మంచం మీదో దివాన్ మీదో వేయండి, లేదా గోడకి కట్టండి. పోచంపల్లి దుప్పటి సోఫా వీపు మీద సగం మడతపెట్టి వేలాడదీయండి. మూడింట్లోనూ ఉండే రంగు ఒక్కటి వెతకండి, నలుపో ఎరుపో నీలమో తప్పకుండా దొరుకుతుంది. గోడలకి లేత గంధం రంగు చాలు, బూడిద రంగు వద్దు. మీ కిటికీ పడమటి వైపైతే కలంకారీని ఎండ తగిలేచోట వేయకండి, సహజ రంగులు ఎండకి వెలిసిపోతాయి. చారల కర్టెన్‌కి వెనక తెల్ల లైనింగ్ వేయించండి. కుట్టించడానికి ఇచ్చేముందు గుడ్డని ఒక రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి నీడలో ఆరేయండి, లేదంటే మొదటి ఉతుకుకే కర్టెన్లు కురచైపోయి నేలకి అందకుండా పైన వేలాడతాయి.