సుఖవ్యాధి మాత్రలకు పాత చీటీ ఎందుకు చెల్లదు?

మూత్రంలో మంట, చీము ఉన్నాయని, మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అడిగితే నిరుటి చీటీ చూసి కూడా ఇవ్వలేదని రాశారు. షాపువాళ్లు చేసింది సరైన పనే.

డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒక చీటీకి మందు ఒక్కసారే ఇవ్వాలి. ఇచ్చాక డాక్టరు సంతకం పైన షాపు పేరు, చిరునామా, తేదీ వేయాలి. అవి పడ్డాయంటే ఆ చీటీ పని అయిపోయినట్టే. ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిచ్చిన కాగితం అసలే పనికిరాదు. మందు అట్టమీద ఉండే ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ (ఆర్‌ఎంపీ) అంటే మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరని అర్థం.

ఇలాంటి జబ్బులకు వాడే అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. సెఫిక్సిమ్ ఇంకా గట్టి నిబంధన ఉన్న హెచ్1లో ఉంది. 2014 మార్చి నుంచి హెచ్1 మందులకు విడి రిజిస్టరు పెట్టి డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రాసి 3 ఏళ్లు ఉంచాలి. జబ్బు పేరుకు అందులో గడే లేదు. జబ్బు పేరు బయటపడుతుందన్న భయంతోనే చాలామంది డాక్టరు దాకా వెళ్లరు, దయచేసి మీరు ఆగిపోకండి.

మీరు అడిగిన మందు ఒక్కటే సరిపోదు కూడా. గొంతునొప్పికి వాడినట్టు 500 మిల్లీగ్రాముల మాత్రల స్ట్రిప్ తెచ్చుకుని రోజుకొకటి మింగితే చీము తగ్గినట్టే ఉంటుంది, గనేరియా అనే సుఖవ్యాధి మాత్రం లోపలే ఉండిపోవచ్చు, క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుంది. ఇలాంటి చీముకు, సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో ఇచ్చే బూడిదరంగు కిట్‌లో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి. రెండూ ఒకేసారి వేసుకోవాలి. మొదటిది క్లమీడియా అనే మరో సుఖవ్యాధికి, రెండోది గనేరియాకు. సిఫిలిస్, హెచ్‌ఐవీ రక్తపరీక్షలు కూడా అప్పుడే చేయించుకోండి, సిఫిలిస్ పుండు దానంతటదే మానిపోయినా జబ్బు పోదు.

భార్యకో, భాగస్వామికో కూడా వైద్యం జరగాలి. మీ చీటీమీద వాళ్లకు మందు తీసుకోకూడదు, వాళ్ల పేరున విడిగా రాయించాలి. ఆమె గర్భిణి అయితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి, డాక్సీసైక్లిన్ అప్పుడు పనికిరాదు. మందు వేసుకున్నాక ఇద్దరూ 7 రోజులు కలవకూడదు, ఆలోగా చీము ఆగకపోతే మళ్లీ చూపించుకోవాలి.

సురక్ష క్లినిక్‌లు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటాయి, మందులు ఉచితం. దగ్గర్లో ఎక్కడుందో 1097కి ఫోన్ చేస్తే చెబుతారు, ఆ కాల్‌కు డబ్బు పడదు.