సున్నా నుంచి గీయి, అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. డెలివరీ కుర్రాళ్ళ పనితీరు ఏరియావారీగా బార్ గ్రాఫులు గీసే పని నీకిచ్చారట, సోమవారం పెద్దవాళ్ళ ముందు చూపించాలట. మనింటి పిల్ల అంత పెద్ద తెర పక్కన నిలబడి లెక్కలు చెప్పబోతోందంటే ఒళ్ళు పులకరించింది. మంచం ఎక్కాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ గ్రాఫులో ఉండబోయే కుర్రాళ్ళే కళ్ళముందు తిరిగారు. అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను.

గీయడం నేను నేర్పక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకర్ల లెక్క గూగుల్ షీట్స్‌లో నేనే రాస్తున్నాను కాబట్టి నాకూ తెలుసు. పేర్లూ అంకెలూ సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్‌లో చార్ట్ నొక్కితే బొమ్మ వచ్చేస్తుంది. నిలబడ్డ బార్లని అది కాలమ్ చార్ట్ అంటుంది, పడుకున్నవాటిని బార్ చార్ట్ అంటుంది. ద్వారకానగర్, మధురవాడ, పెదగంట్యాడ, ఇలా పొడుగు పేర్లున్నప్పుడు పడుకున్నవే తీసుకో, మెడ వంచి చదవక్కర్లేదు.

కాపీ చేసి తెచ్చిన అంకెల్ని ఓసారి చూసుకో. అంకె గడిలో కుడివైపుకి జరిగి కూర్చుంటుంది. ఎడమవైపు ఉండిపోయిందంటే షీట్ దాన్ని మాట అనుకుంటోందని అర్థం. మొన్న మే నెల బార్ కనబడక గంటసేపు వెతికాను. చూస్తే, ఆ గడిలో 12 అని కాక "12 ట్యాంకర్లు" అని టైపు చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మక్కూడా పూర్తిగా తెలీదు.

1991లో నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల కంపెనీలో లెక్కలు రాసేదాన్ని. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు రెండు షెడ్లలో కూర్చునేవారు. ఆ వారం సగటున ఒకటో షెడ్డు రోజుకి 460 కిలోలు ఒలిచింది, రెండో షెడ్డు 430. మేనేజరు గ్రాఫు గీసి తెమ్మన్నాడు. సున్నా నుంచి గీస్తే రెండు బార్లూ దాదాపు సమానంగా వచ్చాయి. ఇదేం గ్రాఫు, తేడాయే తెలీడం లేదనిపించింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, నా పని నలుగురికీ కనబడాలని తహతహ. ఆ కాగితం పక్కన పడేసి, ఇంకో దాని మీద 420 దగ్గర మొదలుపెట్టాను. పది కిలోలకి మూడు సెంటీమీటర్లు. ఒకటో షెడ్డు పన్నెండు సెంటీమీటర్లు లేచింది, రెండోది మూడంటే మూడు. ఎర్ర స్కెచ్ పెన్నుతో నింపి మురిసిపోయాను.

అంకె ఒక్కటీ తప్పు రాయలేదు. కానీ మేనేజరు అంకెలు చదవలేదు, బార్లు చూశాడు. "వీళ్ళు వాళ్ళలో పావు వంతు పని చేస్తున్నారా!" అన్నాడు. మర్నాటి నుంచి రెండో షెడ్డులో ఎనిమిది మందిని రావద్దన్నారు. నిజమైన తేడా నూటికి ఏడు కూడా లేదమ్మా. అదీ ఎందుకొచ్చింది? ఆ షెడ్డుకి చిన్న సైజు రొయ్య పంపేవారు. చిన్నవైతే కిలోకి ఎక్కువ రొయ్యలు ఒలవాలి. ఆ ముక్క నాకు తెలిసీ గ్రాఫు కింద రాయలేదు.

సాయంత్రం గేటు దగ్గర వాళ్ళలో ఒకావిడ నిలబడి ఉంది. ఐసు నీళ్ళలో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడ్డాయి, గోళ్ళ పక్కన రొయ్య ముల్లు గుచ్చుకున్న గాట్లు. "అమ్మా, మేం అంత తక్కువ ఒలిచామా?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. లోపలికెళ్ళి స్కేలు పెట్టి సున్నా నుంచి మళ్ళీ గీసి పట్టుకెళ్తే, మేనేజరు "అయిపోయింది కదా, ఇప్పుడెందుకు" అన్నాడు. ఆ ఎనిమిది మందిలో ముగ్గురే తిరిగొచ్చారు, అదీ నాలుగు నెలల తర్వాత.

1786లో విలియం ప్లేఫెయిర్ అనే ఆయన స్కాట్లాండ్ ఎగుమతి దిగుమతులకి బార్లు గీశాడు. 17 దేశాలు పక్కపక్కన పెట్టి, ఏది పొడుగో చూస్తే చాలన్నట్టు గీశాడు. ఇవాళ్టికీ బార్‌ని మనం అలాగే చూస్తాం. మొదలు కోసేస్తే పొడుగు అబద్ధమైపోతుంది. షీట్స్ కూడా ఒక్కోసారి తనంతట తనే సున్నా వదిలేసి పైనుంచి మొదలుపెడుతుంది. చార్ట్ మీద రెండుసార్లు నొక్కు, కస్టమైజ్‌లో వర్టికల్ యాక్సిస్ తెరువు, మిన్ అన్న చోట 0 అని నువ్వే టైపు చెయ్యి. పడుకున్న బార్లకి అదే హారిజాంటల్ యాక్సిస్ కింద ఉంటుంది. తేడా తెలీడం లేదని ఎవరైనా అంటే, బార్ల మీద అంకెలు కనబడేలా డేటా లేబుల్స్ పెట్టు. తేడా చిన్నదైతే చిన్నగానే కనబడనీ.

నీకు తొందరెక్కువ. టెన్త్‌లో గ్రాఫు ప్రశ్నకి స్కేలు రాయడం మర్చిపోయి, మార్కులు పోయాయని నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చావు, గుర్తుందా? ఆ తొందర ఇక్కడ వద్దు. ఇక్కడ పోయేవి నీ మార్కులు కావు.

ఎవరి బార్ ఎందుకు పొట్టిగా ఉందో కనుక్కుని కింద ఒక లైను రాయి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ నెలల బార్ చూసి పడవవాళ్ళు బద్ధకస్తులంటే ఎంత పాపం! మధురవాడ కుర్రాడు కొండ ఎక్కి దిగి ఇచ్చే ఆర్డరూ, ద్వారకానగర్‌లో సందు పక్క సందులో ఇచ్చే ఆర్డరూ ఒకటేనా? ఒక్కొక్కరు ఎన్ని గంటలు పనిచేశారో అడుగు, గంటకెన్ని ఆర్డర్లో గీయి. అందరికన్నా చిన్న బార్‌కి ఎరుపు వెయ్యకు. షీట్ లింకు ఇచ్చేటప్పుడు వ్యూయర్‌గానే, అంటే చూడ్డానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా ఇవ్వు.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని రా. నీకిష్టమైన రొయ్యల ఇగురు చేస్తాను. ముందు గ్రాఫు చూస్తాను, తర్వాతే కంచం పెడతాను. ఆ రోజు కొలిచిన చెక్క స్కేలు ఇంకా నా దగ్గరే ఉంది, తెర మీద పెట్టి కొలుద్దాం.

నీ పెద్దమ్మ,
పెదవాల్తేరు