మాట పడిపోయినా పాట ఎలా మిగిలింది?

ప్రశ్న: ఆర్నెల్ల కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. దాహమేస్తే ‘నీళ్లు’ అనలేక బిందె వైపు చూపిస్తుంది. కానీ శుక్రవారం నేను దీపం పెట్టి మంగళహారతి అందుకుంటే చాలు, ఒక్క ముక్క తప్పకుండా చివరిదాకా పాడేస్తుంది. కావాలనే మాట్లాడటం లేదని ఇంట్లో కొందరంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ మాట ఇంకెప్పుడూ ఆవిడ ముందు అననివ్వకండి. మాట రాకపోయినా చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది, మనసు విరిగిపోతుంది.

కుడి పక్క పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడులో ఎడమ వైపు. చాలామందిలో మాటను కూర్చే పని అక్కడే జరుగుతుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగికి ‘టాన్’ అన్న ఒక్క శబ్దమే వచ్చేది. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. పాటకైతే రెండు వైపులా పనిచేస్తాయి, రాగం పట్టుకోవడంలో కుడి వైపుది పెద్ద వాటా.

నా అనుభవంలో అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. హారతి ఆవిడకు కంఠతా వచ్చు. ఒంగోలులో నా దగ్గరికి స్పీచ్ థెరపీకి టంగుటూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు, పొగాకు బ్యారన్‌లో పనిచేసిన మనిషి. పది దాకా గడగడా లెక్కపెట్టేవారు. ‘ఏడు అనండి’ అంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ఒకటి నుంచి మొదలుపెట్టి, వేళ్లు మడుస్తూ ఏడు దాకా వచ్చి అక్కడ ఆగి నా మొహం చూసేవారు. వరసగా అలవాటైనవి వస్తాయి, అప్పటికప్పుడు వెతికి తీయాల్సిన మాట రాదు. 2011లో జర్మనీలో ఇలాంటి 17 మందిని పరీక్షిస్తే, రాగం కంటే లయ, బాగా అలవాటైన పదాలే ఎక్కువ సాయపడ్డాయని తేలింది.

అందుకే హారతి పాడిస్తే చాలు, మాట తిరిగొస్తుందని అనుకోకండి. పాడించండి, ఆవిడకు సంతోషం. మాట కోసం వేరే సాధన కావాలి. 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక పద్ధతి తయారుచేశారు. ఎదురుగా కూర్చుని ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు చొప్పున బల్ల మీద తట్టించాలి: నీ–ళ్లు–కా–వా–లి. రెండే స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద. మొదట నోరు మూసుకుని కూనిరాగం, తర్వాత ఇద్దరూ కలిసి మాటలతో, ఆపైన మీరు సగంలో ఆగిపోవాలి, మిగతాది ఆవిడ పూర్తి చెయ్యాలి. కుదిరాక రాగం కొద్దికొద్దిగా తగ్గించి మామూలు మాటలోకి తేవాలి. మొదట్లో స్పీచ్ థెరపిస్ట్‌ దగ్గరుండి నేర్పితే మంచిది. అలసిపోతే వెంటనే ఆపండి. ‘నీ...’ అన్నా చాలు, గ్లాసు చేతికివ్వండి. సరిగ్గా అంటేనే ఇస్తామని పరీక్ష పెట్టొద్దు.