కద్మత్‌లో ఏ సైట్ అని కాదు, పోటు ఎన్నింటికి అని అడగండి

మీ ప్రశ్న: "విజయవాడ నుంచి నలుగురం ఫిబ్రవరిలో లక్షద్వీప్ వెళ్తున్నాం. రుషికొండలో ఒకసారి స్కూబా చేశాం. కద్మత్, బంగారం, అగత్తి... వీటిలో ఏ డైవ్ సైట్ బెస్ట్?"

ముందు ఆ "బెస్ట్ సైట్" పిచ్చి వదిలించుకోండి. జాక్ పాయింట్, నార్త్ కేవ్, షార్క్ ఆలీ, పొటాటో ప్యాచ్ అంటూ ఒక్క కద్మత్ చుట్టూనే బోలెడు పేర్లున్నాయి. పొద్దున దిగినవాడు "అద్దంలా ఉంది" అంటాడు. మధ్యాహ్నం అదే చోట దిగినవాడు "మజ్జిగలో మునిగినట్టుంది" అంటాడు. ఇద్దరిదీ నిజమే. తేడా అంతా ఆటుపోట్లది. ఇక బంగారం అనే పేరు చూసి మనవాళ్ళు అదేదో గొప్పదనుకుంటారు గానీ, నీళ్ళకి తెలుగు రాదండీ.

అక్కడ చాలా దీవులు అటోల్ అనే పగడపు దిబ్బల వలయానికి తూర్పు అంచున ఉంటాయి, ఆ వలయం లోపలి లోతు తక్కువ మడుగు, అంటే లగూన్, పడమట ఉంటుంది. పోటు ఎక్కేటప్పుడు బయటి సముద్రపు తేట నీరు రీఫ్ (పగడపు దిబ్బ) సందుల్లోంచి లగూన్‌లోకి వస్తుంది. ఆటు మొదలైతే లగూన్ అడుగున ఉన్న తెల్లటి ఇసుక నుసిని మోసుకుంటూ అదే సందులోంచి బయటికి పోతుంది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు దిగువన నీళ్ళు ఎలా ఉరుకుతాయో చూసే ఉంటారు. ఇరుకు సందు దగ్గర పరిస్థితి అదే. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు పడుతుంది. పోటు నిండి నీళ్ళు తిరగబడే ముందు కాసేపు ప్రవాహం నెమ్మదిస్తుంది. డైవ్ అప్పుడు పడాలి. ఈ వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి "నిన్న 8కి బాగుంది, ఇవాళా 8కే" అనే లెక్క చెల్లదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు జోరు బాగా ఎక్కువ. ప్రయాణానికి పనికిరావని మనం పక్కనపెట్టే అష్టమి, నవములే డైవింగ్‌కి మంచి రోజులు. క్యాలెండర్ ముందేసుకుని టికెట్లు తీయండి.

రెండో సంగతి. రుషికొండలో ఒకసారి దిగినంత మాత్రాన సర్టిఫికెట్ ఉన్నట్టు కాదు. లక్షద్వీప్‌లో కూడా మిమ్మల్ని ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే తిప్పుతాడు, అదీ 12 మీటర్లు దాటకుండా. మీకు లగూన్, రీఫ్ పైభాగం చాలు. బయటి అంచు దాటితే నేల కోసేసినట్టు కిందికి దిగిపోతుంది. అక్కడ తిరగాలంటే ఓపెన్ వాటర్ కోర్సు చేయండి. సముద్రంలో 4 డైవ్‌లు ఉంటాయి, ఆ తర్వాత 18 మీటర్ల దాకా అర్హత వస్తుంది.

కోర్సులో అందరూ తేలిగ్గా తీసుకునేది, డైవ్‌లు పాడుచేసేది ఒక్కటే: మునగడానికి కట్టుకునే సీసం బరువులు. కొత్తవాళ్ళు మునగట్లేదని నడుముకి ఇంకో 2 కిలోలు తగిలిస్తారు. తర్వాత అడుగున ఏమవుతుందో చూడండి. ఆ 2 కిలోల బరువు ఆపడానికి, తేలడానికి వేసుకునే గాలి జాకెట్‌లో 2 లీటర్ల గాలి అదనంగా నింపాలి. లెక్క తేలికకి 20 మీటర్ల లోతనుకుందాం, అక్కడ ఒత్తిడి 3 బార్లు, అంటే నీళ్ళపైన ఉన్నదానికి మూడింతలు. పైకి వస్తూ 10 మీటర్లకి చేరేసరికి ఒత్తిడి 2 బార్లకి తగ్గి ఆ గాలి 3 లీటర్లవుతుంది. 5 మీటర్ల దగ్గర 4 లీటర్లు. సరిగ్గా అక్కడే 3 నిమిషాలు ఆగాలి. అప్పటికే సిలిండర్‌లో గాలి ఖర్చయి, అది కూడా 2 కిలోల దాకా తేలికపడి ఉంటుంది. మనిషి గాలిగుమ్మటంలా లేస్తాడు. జాకెట్ ఖాళీ చేసే బటన్ కోసం ఎడంచెయ్యి తడుముకుంటూ, కాళ్ళు కొట్టుకుంటూ, పొరపాటున గాలి నింపే బటనే నొక్కుతాడు. నిమిషానికి 9 మీటర్లు దాటకూడని వేగం అక్కడ మూడింతలవుతుంది. గోలీసోడా గోలీ నొక్కినప్పుడు పొంగేది ఎందుకో తెలుసుగా, లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్‌దీ అదే వరస, బుడగలు కడుతుంది. ఊపిరి బిగబట్టాడా, ఊపిరితిత్తులకే ముప్పు.

బరువు చూసుకోవడం కష్టమేమీ కాదు. జాకెట్ ఖాళీ చేసి, మామూలుగా పీల్చి ఆపితే నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి. వదిలితే మెల్లగా మునగాలి. ఈ పరీక్ష నిండు సిలిండర్‌తో చేస్తే, అల్యూమినియం సిలిండర్‌కి ఇంకో 2 కిలోలు కలపండి. విజయవాడ స్విమ్మింగ్ పూల్‌లో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు. ఉప్పునీరు 2.5 శాతం చిక్కన, అంటే సామానుతో కలిపి 100 కిలోలున్న మనిషికి 2.5 కిలోలు ఎక్కువ కావాలి. లెక్క వేసి కలపాలి గానీ, భయపడి కాదు.

గాలి లెక్క కూడా చెప్పేస్తా. మామూలు అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది, 200 బార్లకి నింపుతారు. 50 బార్లు మిగల్చాలి, అంటే వాడుకునేది 1,650 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల దగ్గర 60 పీలుస్తాడు, 27 నిమిషాల్లో అయిపోతుంది. ప్రవాహానికి ఎదురీదితే 15 కూడా రాదు. అందుకే కొట్టుకుపోతుంటే ఎదురీదొద్దు. పక్కకి, రీఫ్ చాటుకి జరగండి. అదీ కుదరకపోతే మెల్లగా పైకొచ్చి నారింజ రంగు గాలి గొట్టం నిలబెట్టండి, పడవవాడికి కనబడేది అదొక్కటే.

చెవులు నొప్పి పుట్టాక కాదు, నీళ్ళపైన ఉండగానే మొదలుపెట్టి ప్రతి అర మీటరుకీ ముక్కు మూసి మెల్లగా ఊది సర్దాలి. జలుబుంటే మాత్ర వేసుకుని దిగడం పెద్ద తప్పు, అడుగున మందు ప్రభావం తగ్గిపోతే పైకొచ్చేటప్పుడు గాలి బయటికి రాక చెవి పట్టేస్తుంది. డైవ్ పొద్దున ఆవకాయ అన్నం జోలికి పోకండి, తల కిందికి పెట్టి ఈదుతుంటే మంట గొంతులోకి వస్తుంది. గుంటూరువాళ్ళకి ఇది చెప్పినా వినరనుకోండి.

ఇంటర్నెట్‌లో ఆ రంగుల పగడాల ఫోటోలు చూసి వెళ్ళకండి. 1998, 2010, 2016లో, మళ్ళీ 2024లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబోయాయి, లోతు తక్కువున్న చోట్ల చాలా చచ్చాయి. తాబేళ్ళు, చేపల గుంపులు మాత్రం ఇంకా కన్నులపండువే. రీల్స్ కోసం పగడం మీద మోకాళ్ళూనే జనాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. పగడం ముక్క తేవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, చచ్చిన ముక్కయినా సరే.

తిరుగు ప్రయాణం విమానంలో అయితే, ఒంట్లో ఆ నైట్రోజన్ తగ్గడానికి ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు ఆగాలి. ఓడలో కొచ్చికి 14 గంటలకి పైనే పడుతుంది కాబట్టి ఆగాల్సిన ఆ గంటలు అక్కడే చాలావరకు తీరిపోతాయి. ప్రవేశ పర్మిట్ చేతికొచ్చాకే మిగతా బుకింగులు చేయండి.

అన్నట్టు మీలో మీసాలున్నవాళ్ళుంటే, ముక్కు కింద 3, 4 మిల్లీమీటర్ల మేర పైవరస గొరిగించండి. లేకపోతే మాస్క్ అక్కడ అతుక్కోదు, డైవ్ అంతా ముక్కులోకి ఉప్పునీళ్ళే.