‘దొంగ’ అన్న పేరు పడ్డాక

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. తోటి విద్యార్థి ఫోను తీశాడు. తిరిగి ఇప్పించాం. అయినా క్లాసులో ఏది పోయినా ముందు వాడి సంచీయే వెతుకుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా ‘దొంగ’ అనే పిలుస్తున్నారు. సిగ్గు తెలిస్తేనే బాగుపడతాడట. నిజమేనా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, సిగ్గు మంచిదే, దానికి ఒక ముగింపు ఉంటే. చేసిన పనిని తప్పుపట్టి మనిషిని మళ్లీ కలుపుకుంటే నేరం తగ్గుతుందని, మనిషినే వెలివేస్తే పెరుగుతుందని నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వైట్ 1989లో వివరించారు.

ఈ వయసులో చిన్నాచితకా తప్పులు చేసేవాళ్లు చాలామంది. ఎక్కువమంది పెద్దయ్యేకొద్దీ మానేస్తారు. పేరు పడ్డవాడికే ఆ దారి ఇరుకవుతుంది. తోటి పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలు వాడితో తిరగనివ్వరు. టీచర్ల కన్నంతా వాడి మీదే కాబట్టి, ఇతరులు చేస్తే ఎవరికీ తెలియని అల్లరి కూడా వాడి ఖాతాలో పడుతుంది. చివరికి వాణ్ని అనుమానించకుండా చేర్చుకునేది అలాంటి పేరే ఉన్న గుంపు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. జనం పెట్టిన పేరుకు తగ్గట్టు బతకడం మొదలెట్టాక చేసే తప్పులు తొలి తప్పులాంటివి కావని సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ లెమర్ట్ 1951లోనే చెప్పారు.

తప్పు చేసి పట్టుబడ్డ 7,304 మంది పిల్లలపై జరిగిన 29 ప్రయోగాలను 2010లో ఒక సమీక్ష కలిపి చూసింది. కేసు నడిపినంత మాత్రాన మళ్లీ తప్పు చేయడం తగ్గలేదు. కేసు లేకుండా వదిలేసిన లేదా సాయం అందించిన పిల్లలతో పోలిస్తే కాస్త పెరిగింది కూడా.

ముందు బడికి వెళ్లండి. వస్తువు పోతే అందరి సంచులూ వెతకమనండి, లేదా ఎవరివీ వద్దనండి. శిక్ష ఏ తేదీతో ముగుస్తుందో కాగితం మీద రాయించుకోండి. ఆ తేదీ దాటాక పాత సంగతి తవ్వకూడదు. క్షమాపణ ఫోను పోయిన పిల్లవాడికే, ముఖాముఖి చెప్పించండి. అందరి ముందు నిలబెట్టి చెప్పిస్తే ముద్ర ఇంకా గట్టిపడుతుంది. ఫోను పాడైతే బాగుచేయించే ఖర్చులో కొంత వాడి చేతిఖర్చు డబ్బులోంచి పట్టుకోండి. అలాగని ‘మావాడు ఏమీ చేయలేదు’ అని వెనకేసుకురావద్దు.

ఇంట్లో ‘దొంగవి’ అనే మాట పూర్తిగా ఆపించండి. ‘ఆ ఫోను తీయడం తప్పు’ అంటే చాలు. చాలామంది శిక్షగా ఆటలు మాన్పిస్తారు. అది మాత్రం చేయకండి, మంచి స్నేహాలు మిగిలేది అక్కడే. మళ్లీ ఏదైనా తీస్తే పాతదానితో ముడిపెట్టకుండా, ఎవరైనా బెదిరిస్తున్నారా, డబ్బు ఎందుకు కావాల్సి వచ్చింది అని విడిగా కూర్చోబెట్టి అడగండి.