పసుపు పిన్నుకు పసుపు సాకెట్ ఏదీ?

ప్రశ్న: పిల్లల చిన్నప్పటి వీడియోలన్నీ మా దగ్గర డీవీడీల్లో ఉన్నాయి. పాత ప్లేయర్‌కి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు ఉంది. కొత్త టీవీ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు, తెలుపు, మళ్లీ ఎరుపు సాకెట్లున్నాయి గానీ పసుపు లేదు. పసుపు పిన్ను ఆకుపచ్చలో పెడితే మాటలు బాగానే వినిపిస్తున్నాయి, బొమ్మ మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది. ప్లేయర్ పోయిందా? ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే బొమ్మ అద్దంలా ఉంటుందని కొందరంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్లేయర్ నిక్షేపంగా ఉందమ్మా. మీ పసుపు పిన్ను కూడా బహుశా సరైన చోటే ఉంది. ఆ ఆకుపచ్చ సాకెట్ పక్కన టార్చి వేసి చూడండి. 'వై' అక్షరంతో పాటు 'వీడియో' అనో 'ఏవీ' అనో ఉంటే ఆ ఒక్క సాకెట్టే రెండు పనులూ చేస్తుంది. రిమోట్‌లో సోర్స్ నొక్కి 'కాంపొనెంట్' బదులు 'ఏవీ' ఎంచుకోండి, రంగులు వచ్చేస్తాయి.

పసుపు వైరులో వెలుగు, రంగు కలిసే ప్రయాణిస్తాయి. మన టీవీలు వాడే 'పాల్' అనే ప్రసార పద్ధతిలో రంగు 4.43 మెగాహెర్ట్జ్ తరంగం మీద స్వారీ చేస్తూ వస్తుంది. కాంపొనెంట్‌లో అలా కాదు. ఆకుపచ్చలో వెలుగు ఒక్కటే, రంగుల సమాచారం నీలం, ఎరుపు వైర్లలో. మీ టీవీ ఆకుపచ్చలో వచ్చిందంతా వెలుగే అనుకుని, రంగు కోసం మిగతా రెండు సాకెట్లలో వెతికి, ఏమీ దొరక్క ఊరుకుంది. నమ్మకం కుదరకపోతే టీవీకి జానెడు దూరంలో నిలబడి, ముదురు ఎరుపు బట్టలు ఉన్న చోట చూడండి. సన్నటి చుక్కల వల కనిపిస్తుంది. మీరు పోయిందనుకున్న రంగు అదే!

తెల్ల పిన్ను తెలుపులోకి, ఎర్ర పిన్ను తెలుపు పక్కనున్న ఎరుపులోకి వెళ్లాలి. నీలం పక్కనున్న ఎరుపు బొమ్మది, దాని జోలికి పోకండి. మీకు మాటలు బాగానే వస్తున్నాయన్నారు కాబట్టి ఇది సరిగ్గానే పెట్టి ఉంటారు.

'వీడియో' అని ఎక్కడా లేకపోతే అది అచ్చంగా కాంపొనెంట్ సాకెట్టే. ప్లేయర్ వెనక కూడా ఆకుపచ్చ, నీలం, ఎరుపు ఉంటే మూడు పిన్నుల వైరు వేసుకోండి. నన్నడిగితే పసుపుకన్నా ఇదే మేలు, రంగుల అంచులు చెదరవు. కాకపోతే ప్లేయర్ సెట్టింగ్‌లో 'ప్రోగ్రెసివ్' ఉంటుంది, దాంతో జాగ్రత్త. పసుపు వైరు వాడేటప్పుడు పొరపాటున అది ఆన్ అయితే చాలా ప్లేయర్లలో బొమ్మ మాయమవుతుంది. ఒకసారి నా దగ్గరికి అలాంటి ప్లేయర్ వచ్చింది. మూత విప్పి, అనుమానం ఉన్న చోటల్లా సోల్డరింగ్ చేసి, సగం పూట పోగొట్టుకున్నాను. చివరికి రిమోట్‌లో ఒక్క బటన్ నొక్కితే బొమ్మ వచ్చింది. ఇప్పుడు స్క్రూడ్రైవర్‌కన్నా ముందు రిమోట్ అడుగుతున్నాను.

ఇక హెచ్‌డీఎంఐ. ప్లేయర్‌కి ఆ సాకెట్ ఉంటే తప్పకుండా వాడండి, బొమ్మా మాటా ఒకే వైరులో వస్తాయి. కానీ ఖరీదైన కేబుల్ వద్దు. అది డిజిటల్ సిగ్నల్, వస్తే మొత్తం వస్తుంది. కేబుల్ బాగాలేకపోతే మెరుపు చుక్కలు పడతాయి, లేదా తెర నల్లబడుతుంది. అంతేగానీ బంగారు పూత వల్ల బొమ్మకు నిగారింపు రాదు. డీవీడీలో బొమ్మకు ఉండేదే 576 అడ్డగీతలు, లేదా 480. బ్లూ-రేలో 1080. లేని గీతల్ని ఏ వైరూ తేలేదు. కేబుల్ గురించి ఆలోచించాల్సింది 4కే డిస్కులు చూసేవాళ్లే. వాళ్లు సెకనుకు 18 గిగాబిట్ల సమాచారం మోసే కేబుల్ తీసుకుంటే చాలు.

ప్లేయర్‌కి హెచ్‌డీఎంఐ లేకపోతే మాత్రం ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర మూడు పిన్నులు ఉండే ఉత్త వైరు కొని మోసపోకండి. అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చడం ఉత్త రాగి తీగ వల్ల కాదు. కరెంటుతో నడిచే చిన్న కన్వర్టర్ డబ్బా కావాలి. అందులోనూ రెండు రకాలున్నాయి, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. మీకు కావాల్సింది 'ఏవీ నుంచి హెచ్‌డీఎంఐ'కి మార్చేది. పసుపు సాకెట్ వైపు 'ఇన్‌పుట్' అని ఉంటేనే తీసుకోండి.